దుంగ కట్టని బండి

కొండదారిలో దిగేటప్పుడు బండి పరుగెత్తకుండా వెనక దుంగ కట్టి ఈడ్పించడం బండివాళ్ల అలవాటు. ఆ దుంగలు రాజుగారి కొత్త బాటను గీరేస్తున్నాయని మంత్రి వాటిని నిషేధించాడు. కడితే కొరడా దెబ్బలే. దుంగ లేక అప్పటికే రెండు బళ్లు లోయలో పడ్డాయి.

ఒకనాడు మంత్రి బాట చూడటానికి గవరయ్య అనే బండివాడి బండే ఎక్కాడు. వాలు కనబడగానే గవరయ్య బండి ఆపాడు. అతను చప్పున దిగి, పగ్గాలు మంత్రి చేతిలో పెట్టాడు.

"నువ్వెందుకు దిగావురా?"

"తమ ఆజ్ఞ ప్రకారం దుంగ కట్టలేదు ప్రభూ. ఆజ్ఞ అమలైందని రాజుగారికి విన్నవించడానికి ఒక్కడైనా మిగలాలి కదా!"

మంత్రి లోయలోకి తొంగిచూశాడు. అడుగున విరిగిన చక్రం కనిపించింది. గబగబా దూకి, పక్కన పడున్న దుంగను తనే ఈడ్చుకొచ్చాడు.

ఆ సాయంత్రమే కొత్త చాటింపు వేశారు: దుంగ కట్టనివాడికే కొరడా దెబ్బలు!