ఇసుకగాలి తెర

"సామీ, పటంలో గాలిదుమారం వేస్తారే, దానికి అర్థమేంది? దాన్నెట్ల వేయాల?" అని శిష్యుడు వన్నూరప్ప అడిగాడు. నాటకాల తెరలు వేసే మారెప్పకు ప్రశ్న వినగానే కుంచె కడుక్కునే అలవాటు. ఆ రోజూ కడుక్కున్నాడు. మా ఊళ్ళో ఆయనకు జ్ఞాని అని పేరు రావడానికి సగం కారణం ఆ కుంచె నీళ్ళే.

వన్నూరప్పకు తొందర ఉంది. ఎడారిలో దుమారం రేగే తెర ఒకటి కావాలని నాటక సమాజం పెద్ద రుద్రగౌడ కబురు పెట్టాడు. చూపు మందగించిన మారెప్ప ఆ పని శిష్యుడికి వదిలాడు. తెర గౌడకు నచ్చితే ఇకమీదట కుంచె వన్నూరప్పది. నచ్చకపోతే వాళ్ళ నాన్న అతణ్ణి వేరుశెనగ చేలోకి తీసుకుపోతాడు. నాన్న అప్పటికే కొత్త పార కూడా కొనిపెట్టాడు.

ఎడారి కోసం దూరం పోనక్కర్లేదు. హగరి ఏటి ఇసుక ఆషాఢపు గాలికి కొట్టుకొచ్చి మా ఊరి పడమటి ఇళ్ళను కిటికీల దాకా పూడ్చింది. వన్నూరప్ప ఆ దిబ్బలు చక్కగానే వేశాడు. వాటి మీద నల్లమబ్బులు, మెరుపులు, నడుము వంచిన కొబ్బరిచెట్లు చేర్చాడు. ఊరంతా వచ్చి మెచ్చుకుంది. మా ఊళ్ళో కొబ్బరిచెట్టే లేదన్న సంగతి ఒక్కరికీ గుర్తురాలేదు. సర్పంచి అయితే అవి ఎవరి తోటలోవని కూడా అడిగాడు.

మారెప్ప దగ్గరగా వచ్చి చూసి, "తిమ్మక్క ఇంట్లో సంగటి తినిరా పో," అన్నాడు.

తిమ్మక్క ఇల్లు దిబ్బ కిందే. "ఏమప్పా, మీ సామి నీకు కూడు పెట్టేది కూడా మానేసినాడా?" అంటూ ఆమె పళ్ళెం తెచ్చి వాకిట్లో బోర్లించింది. అతడు దాన్ని వెల్లకిలా తిప్పాడు. ఆమె మళ్ళీ బోర్లించింది.

"గాలి లేదు కదక్కా, పళ్ళెంలో ఇసుక యాడ పడుతుంది!"

"లేదు. ముద్ద వచ్చినంక తిప్పుకో."

సంగటి తిన్నాడు గాని ఏమీ బోధపడలేదు. తిరిగొచ్చి గురువునడిగితే మళ్ళీ కుంచె కడగడమే. విసుగెత్తి మబ్బులనూ మెరుపులనూ కొబ్బరిచెట్లనూ రంగు పూసి కప్పేశాడు. ఎండలో దిబ్బ మిగిలింది. దాని కింద తాను చూసినట్టే వాకిలి, వాకిట్లో బోర్లించిన పళ్ళెం వేశాడు. అది చూసినవాళ్ళు, ఈసారి వేరుశెనగ బాగా పండుతుందని వన్నూరప్పకు ధైర్యం చెప్పారు.

రుద్రగౌడ వచ్చాడు. ఆయనా ఆ ఏటి గట్టున పెరిగినవాడే. ఎడమచేతిలో బొరుగుల పొట్లం పట్టుకుని, నములుతూనే తెర ముందు నిలబడ్డాడు.

"దుమారం యాడప్పా? నేనడిగింది దుమారం, నువ్వు పళ్ళెం గీసిస్తివి! రాజకుమారుడు ఎడారిలో దారి తప్పి ఏడ్వాల ఈడ. పళ్ళెం చూసి ఏడుస్తాడా?"

వన్నూరప్ప తల దించుకున్నాడు. పక్కనున్న వాళ్ళ నాన్న పార భుజానికెత్తుకున్నాడు.

గౌడ ఇంకో పిడికెడు బొరుగులకని చూస్తే, తన కుడి అరచెయ్యే పొట్లాన్ని గట్టిగా మూసి ఉంది. ఎప్పుడు మూశాడో ఆయనకే తెలియదు. ఆకాశం చూశాడు, తేటగా ఉంది. తెర చూశాడు. చెయ్యి తీయబోయి తీయలేదు. "జాగ్రత్తగా చుట్టి బండెక్కించండి," అన్నాడు.

వన్నూరప్పకు సంతోషం కన్నా అయోమయమే ఎక్కువైంది. "సామీ, నేను గాలి వేయనే లేదు. ఆయనకు యాడ కనపడింది?"

"ఆయన్నడిగితే చెప్పలేడు," అన్నాడు మారెప్ప. "ఆయన చేతినడుగు."