చెంప ఆనిన చోటు

నాకప్పుడు ముప్పై నిండలేదు. తల నిండా అనుమానమే.

హుసేనప్ప ఉస్తాదు దగ్గర ఆరేళ్ళుగా పాత గాలితుపాకుల పని నేర్చుకుంటున్నాను. ఆదోనిలో పత్తిమార్కెట్టు వెనక మా అంగడి. గాలితుపాకీ అంటే మందు పెట్టి పేల్చేది కాదు. గొట్టాన్ని కీలు దగ్గర వంచి, స్ప్రింగు బిగించి, సీసపు గుండు పెట్టి పిట్టల్ని కొట్టేది. పాతవాటిని కొనడానికి బళ్ళారి నుంచీ బెంగుళూరు నుంచీ జనం వచ్చేవాళ్ళు. అది ఎక్కడ తయారైంది, ఏ సంవత్సరానిది, ఎంత చేస్తుంది అని ఉస్తాదు చీటీ రాసిస్తే ఇక దానికి తిరుగులేదు.

కొనేవాళ్ళు పెరిగేసరికి మోసాలూ పెరిగాయి. కొత్త కొయ్యకు టీ డికాక్షన్ పూసి తాతలనాటిది అనేవాళ్ళు. నంబర్లు చెరిపి వేరేవి కొట్టేవాళ్ళు. నేను రెండుసార్లు బోల్తాపడ్డాను. అప్పట్నుంచీ అంగడి మెట్టెక్కిన ప్రతివాడూ నా కంటికి దొంగే.

ఉస్తాదుకు ఒక అలవాటుండేది. ఎవరు తుపాకీ తెచ్చినా ముందు కూర్చోబెట్టి టీ ఇప్పించాలి. వాళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేదాకా మూట విప్పకూడదు. ముసలాయన చాదస్తం కాకపోతే ఏమిటిది అని లోపల గొణుక్కునేవాణ్ణి.

ఒక బుధవారం పొద్దున దుప్పట్లో చుట్టిన తుపాకీతో ఒకామె వచ్చింది. పేరు సుంకమ్మ అంది. నలభై ఏళ్ళుంటాయి. కాళ్ళకు మోకాళ్ళదాకా ఎర్రదుమ్ము. నేను టీ గ్లాసు చాపితే ఎడమచేత్తో అందుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"కుడిచెయ్యి లేదా తల్లీ?" అన్నాను.

ఆమె గబుక్కున చెయ్యి మార్చుకుంది. టీ కాస్తా చీరమీద ఒలికింది. ఉస్తాదు నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ తన స్క్రూడ్రైవరు తుడుచుకోవడంలో పడ్డాడు.

టీ అయ్యాక ఆమె విషయం చెప్పింది. వాళ్ళ నాయన లింగన్న జామతోట కాపలాదారు. చిలకల్ని, ఉడతల్ని తోలడమే ఆయన పని. రెండు నెలల కిందట పోయాడు. ఈ తుపాకీ, కాలువ సర్వేకొచ్చిన దొర ఒకాయన పోతూ పోతూ కుర్రవాడైన లింగన్నకు ఇచ్చాడట. ఇప్పుడు తోట సొంతదారు కొడుకు వచ్చి, ఇది ఆరేళ్ళ కిందటిదాకా మా ఇంటి గోడకు వేలాడేది, మీ నాయన ఎత్తుకుపోయాడు అంటున్నాడట. శుక్రవారం లోపల ఇవ్వకపోతే పోలీసు స్టేషనే అన్నాడట.

"తుపాకీ పోతే పోనీ పెద్దయ్యా. మా నాయన దొంగని ఊరంతా అనుకుంటాండారు. దినాల కూడు కూడా ఎవురూ ముట్టలేదు. నువ్వు ఏం రాసిస్తే అదే నమ్ముతామన్నారు."

నా అనుమానం అప్పుడే లేచి కూర్చుంది. దొర ఇచ్చాడా! దొంగసొమ్ము తెచ్చినవాళ్ళందరూ చెప్పే కథే ఇది.

ఉస్తాదు దుప్పటి విప్పి తుపాకీ నా ముందుకు జరిపాడు. "మద్దిలేటీ, ఈసారి నువ్వే చూడరా. చీటీ కూడా నువ్వే రాయి."

ఆరేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకు కాలు నేలమీద నిలవలేదు. భూతద్దం తీసుకుని కూర్చున్నాను.

ఇంగ్లండులో చేసిందని ముద్ర ఉంది. గొట్టం కింద నంబరు చూసి ఉస్తాదు పాత నోటుబుక్కులో వెతికితే పంతొమ్మిదివందల ముప్పైయేడో సంవత్సరానిదని తేలింది. మరలు ఎవరూ తిప్పినట్టు లేదు. లోపల తోలు వాషరు కూడా అప్పటిదే. ఇనుమంతా నిఖార్సైన సరుకు.

ఆ తర్వాత కొయ్య చూశాను. భుజానికి ఆనించే ఆ కొయ్యను మేం కుందా అంటాం. దాని కుడిపక్కన వార్నిషు పూర్తిగా పోయి, కొంచెం గుంత పడినట్టుంది. నా పెదాల మీదికి నవ్వొచ్చింది.

"దొరికిపోయినారు ఉస్తాద్!" అన్నాను. "గురి పెట్టేటప్పుడు చెంప ఆనేది కుందాకు ఎడమపక్కన. అరిగితే అక్కడ అరగాల. ఇక్కడ చూడండి, కుడిపక్కన అరిగింది. ఎవురో ఉప్పుకాగితంతో రుద్ది, ఏండ్లుగా తామే వాడినట్ల చూపిద్దామనుకున్నారు. తుపాకీ పట్టడం తెలియక పక్క తప్పినారు. గోడకున్నదాన్ని ఎత్తుకొచ్చి, ఆనవాలు దొరక్కుండా కొయ్యను చెడగొట్టినారు. ఇది దొంగసొమ్మే."

తర్వాత ఆమె వైపు తిరిగి, "నిజం చెప్పు. మీ నాయన రుద్దినాడా, నువ్వు రుద్దినావా?" అన్నాను.

సుంకమ్మ లేచి నిలబడింది. "మా నాయన కింద రాలిన జామకాయ కూడా అడక్కుండా తినలేదప్పా," అంది.

"చీటీ రాసేదా ఉస్తాద్?" అన్నాను.

"రాద్దువులే, ఏం తొందర," అని ఉస్తాదు తుపాకీ తీసుకుని, గుండు లేదని రెండుసార్లు చూసి, ఆమె చేతికిచ్చాడు. "ఆ ఎదురుగోడ మీద క్యాలెండరు ఉంది చూడమ్మా. దాని మీద గురి పెట్టు."

ఆమె నా వైపు భయంగా చూసింది. తుపాకీని కుడిభుజానికి ఎత్తింది. అది అక్కడ నిలవలేదు. గొట్టం అటూ ఇటూ ఊగింది. నేను చూడండన్నట్టు ఉస్తాదు వైపు చూశాను.

"అట్ల కాదమ్మా," అన్నాడు ఉస్తాదు. "మీ నాయన నేర్పినట్ల."

సుంకమ్మ తుపాకీ దించింది. ఒక్క క్షణం ఆగి ఎడమభుజానికి ఎత్తింది. తల వాల్చింది. ఆమె ఎడమ చెంప ఆ గుంతలోకి సరిగ్గా పోయి కూర్చుంది. గొట్టం ఇసుమంతైనా కదల్లేదు.

ఆమె తుపాకీ దించకుండా అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "ఇంకా మా నాయన బీడీ వాసన వస్తాంది," అంది. కళ్ళనీళ్ళు కొయ్యమీదికి జారాయి.

దించాక నేను వెళ్ళి ఆ గుంతమీద బొటనవేలు పెట్టి చూశాను. ఆ పని మొదటే చెయ్యాల్సింది. ఉప్పుకాగితం గీత ఒక్కటి కూడా లేదు. నున్నగా ఉంది. మొన్నమొన్నటిదాకా గోడకు వేలాడిన తుపాకీకి, తర్వాతి ఆరేళ్ళలో పడే గుంత కాదది. లింగన్న ఎడమ చెంప ఆని ఆని, చెమట ఇంకి ఇంకి, నలభై ఏళ్ళకు పడిన గుంత.

సిగ్గుతో నా తల పైకి లేవలేదు.

"ఇప్పుడు రాయి," అన్నాడు ఉస్తాదు.

ఇంగ్లండులో చేసింది అని రాశాను. ముప్పైయేడు అని రాశాను. దాదాపు నలభై ఏళ్ళు ఎడమచేతి వాటం మనిషి ఒక్కడే వాడినది అని రాశాను. ధర దగ్గర కలం ఆగింది.

"కొయ్య అరిగింది కదా, సగానికి సగం తగ్గించాల," అన్నాడు ఉస్తాదు.

"తగ్గనీ పెద్దయ్యా," అంది సుంకమ్మ. "అమ్మేది ల్యాదు."

ఉస్తాదు చీటీ చదివి సంతకం పెట్టాడు. ఆమె దాన్ని మడిచి కొంగున ముడేసుకుంటుంటే నా వైపు తిరిగాడు. కోపంగా అడగలేదు, మామూలుగానే అడిగాడు.

"ఆమె వచ్చిన కాడినుంచీ ఆ చెయ్యినే చూస్తాంటివి కదరా. ఏం చూస్తివి?"

నేను వెళ్ళి ఇంకో టీ తెచ్చాను.

సుంకమ్మ కుడిచెయ్యి చాపింది. నేను గ్లాసు ఇవ్వలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా ఎడమచెయ్యి చాపింది.