బిళ్ళ తీసిన గది

వేదవతి ఆ రోజు గురువుగారి దగ్గరికి సలహా కోసం రాలేదు. తన పరిశోధన అచ్చుకి పంపడానికి ఒప్పుకుంటారా అని అడగడానికి వచ్చింది. ఒప్పుకోకుండా ఎలా ఉంటారనే ధీమా ఆమె నడకలోనే ఉంది.

"ప్లాటినం చేసే పనిని రాగి చేస్తోంది సార్. అదీ వేడి చెయ్యకుండానే" అంది.

ఆచార్య జకరయ్యగారు విశాఖలోని ఆ ప్రయోగశాలలో జీవితమంతా ఒకటే చూశారు: లోహం పైపొర మీద వాయువులు ఎలా కలుస్తాయి, ఎలా విడిపోతాయి అని. పెద్ద పేరేమీ రాలేదు. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. వేదవతి ఆయన చివరి శిష్యురాలు.

ఆమె గాలంతా తోడేసిన చిన్న ఉక్కు గదిలో గోరంత రాగి బిళ్ళ బిగించి, పొగలో ఉండే విషవాయువునీ ఆక్సిజన్‌నీ దాని మీదికి వదిలింది. విషవాయువు ఆక్సిజన్‌తో కలిసి మామూలు బొగ్గుపులుసు వాయువుగా మారింది. ఇది నిజమైతే చవక లోహంతో బండ్ల పొగ శుభ్రం చెయ్యొచ్చు. లోకమంతా ఆమె పేరు చెప్పుకుంటుంది. పక్కనే ఆయన పేరు కూడా ఉంటుంది.

జకరయ్యగారు ఆమె రాసింది చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"పద, ఒకసారి చూపించమ్మా."

చూపించింది. తెర మీద, బొగ్గుపులుసు వాయువు ఎంత పుడుతోందో చూపే గీత నిటారుగా లేచింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన్ని అలా ఆమె ఎన్నడూ చూడలేదు. చాలాసేపు ఆ గీతనే చూస్తూ నిలబడ్డారు.

"బాగుంది. ఇప్పుడు బిళ్ళ తీసెయ్."

"తీసేస్తే ఇంకేం చూస్తాం సార్?"

"ఏం కనిపిస్తే అది చూద్దాం."

గది తెరిస్తే బయటి తేమంతా లోపలికి పోతుంది. మళ్లీ చుట్టూ వేడి పట్టీలు కట్టి, అల్యూమినియం రేకు చుట్టి, ఆ తేమ పోయేదాకా రోజుల తరబడి కాచాలి. ఈలోగా ఇంకెవరైనా ఇదే కనిపెట్టి అచ్చేసుకుంటే? వేదవతికి ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. తనకి రాని పేరు ఇంకొకరికి రాకూడదనుకుంటున్నారా ఈ ముసలాయన అని కూడా అనుకుంది. ఆ కోపంతోనే బిళ్ళ తీసి గది మూసేసింది.

జకరయ్యగారు చొక్కా చేతులు పైకి మడిచారు. నేల మీద మోకాళ్లూని, ఆయనే రేకు చుట్టడం మొదలుపెట్టారు. ఆమె కాసేపు చూసి, తనూ రెండో వైపు కూర్చుని చుట్టింది.

కాచడం పూర్తయి అంతా చల్లారాక, ఖాళీ గదిలోకి అవే వాయువులు వదిలింది.

గీత లేచింది. అంతే నిటారుగా, అంతే ఎత్తుకి.

ఉక్కు గోడలే ఆ పని చేస్తున్నాయో, లోపల వాయువుల్ని కొలిచే పరికరంలో ఎర్రగా కాలే తీగ చేస్తోందో ఇంకా తెలియదు. రాగి మాత్రం చెయ్యలేదు. వేదవతి స్టూలు మీద కూలబడింది.

తలెత్తి అడిగింది. "మీకు ముందే తెలుసా సార్?"

"తెలీదమ్మా."

"మరి అనుమానం ఎందుకొచ్చింది?"

ఆయన ఇంకా తెర వైపే చూస్తున్నారు.

"ఇది నిజమైతే బాగుండునని నాకు మరీ ఆశ పుట్టింది. అందుకే తీయించాను."