పచ్చ దీపం ఆరేదాకా

కొండ మీది విహారంలో ఉత్పలకి, అరచేతిలో ఇమిడే ఒక కంప్యూటర్‌కి పోరు నడుస్తోంది.

ఎవరో దాత ఇచ్చిన చవక వస్తువది. పేకముక్కంత బోర్డు, అంచున రెండు బుల్లి దీపాలు, అంతే. ఇవెందుకని గురువు సుమనమాత అడిగితే, ఎర్రది కరెంటుకనీ, పచ్చది లోపల పని జరుగుతున్నంతసేపూ మిణుకుతుందనీ ఉత్పలే చెప్పింది.

పౌర్ణమికి కొండ కింది బడి పిల్లలొస్తారు. వాళ్ళకి దీని మీదే పాఠాలు. అప్పటికీ నడవకపోతే బోర్డు నది అవతలి విహారానికి వెళ్ళిపోతుంది.

లా కాలేజీలో వాదనల పోటీలు గెలిచి గెలిచి, విసుగొచ్చి భిక్షుణిగా చీవరం కట్టిన పిల్ల ఉత్పల. ఓడిపోవడం రాదు. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగడం అసలే రాదు. సుమనమాత ధర్మం చెబుతున్నా సరే, సగంలో అందుకుని "అర్థమైందమ్మా, కానీ" అనేది.

బోర్డు మాత్రం ఆమెని ఓడిస్తోంది. మెమరీ కార్డు సిద్ధం చేసి, గుచ్చి, కరెంటిస్తే చక్కగా లేస్తుంది. పాత టీవీలో బొమ్మలు కదులుతాయి. ఇంతలో భోజనం గంట. వైరు పీకేసి పరుగు. తిరిగొచ్చి పెడితే తెర నల్లగా ఉంటుంది. మళ్ళీ కార్డు తుడవడం, మళ్ళీ మొదలు.

పౌర్ణమి ముందురోజు భోజనాల దగ్గర అందరి ముందూ వాదన మొదలుపెట్టింది. చవకది కాబట్టే దానికంత మతిమరుపట. ఆపడానికి ఒక మీటైనా లేదట. దాతని కాస్త మంచిది అడగాల్సిందట.

వింటూ వింటూనే సుమనమాత చెయ్యి చాచి ఆమె ముందున్న పాత్ర తీసేసుకున్నారు.

"అమ్మా, ఇంకా తింటున్నాను."

"నాకు వేరే పనుంది."

"అయితే ఒక్క మాట చెప్పి తీసుకోవచ్చుగా? ఉన్నట్టుండి లాక్కుంటే..."

ఉత్పల ఆగిపోయింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మాత పాత్ర తిరిగి ఆమె ముందు పెట్టారు. "తిను. చల్లారిపోతుంది."

ఆ మధ్యాహ్నం మళ్ళీ కార్డు సిద్ధం చేసింది. పనయ్యాక వైరు మీద చెయ్యి వెయ్యలేదు. తెర మూలన ఆపమని చెప్పే బొత్తాం ఒకటి మొదటినుంచీ ఉంది, అది నొక్కింది. తెర చీకటైంది. పచ్చ దీపం మాత్రం మిణుకుతూనే ఉంది, లోపలెవరో సామాను సర్దుకుంటున్నట్టు. ఉత్పల మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. దీపం ఇంకోసారి మిణికి, ఆరింది. అప్పుడు తీసింది వైరు.

తెల్లారి కరెంటివ్వగానే బోర్డు లేచింది. నిన్న ఎక్కడ ఆపిందో అక్కడే అన్నీ ఉన్నాయి.

పొద్దెక్కాక, పౌర్ణమికని వచ్చిన పిల్లలు బోర్డు చుట్టూ మూగారు. వాళ్ళు చెప్పినట్టల్లా తెర మీద పిల్లి గెంతుతుంటే విహారం కప్పు లేచిపోయేంత గోల. అది సద్దుమణిగాక సుమనమాత వాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ పద్ధతే అంత, మాటకీ మాటకీ మధ్య ఒక కునుకు తీయొచ్చు. ఒకచోట ఆగారు.

ఉత్పల నాలుక చివర ఒక అభ్యంతరం సిద్ధంగా ఉంది. గట్టిదే. అయినా పెదవి కదపలేదు.

మాత ఆమె వైపు తిరిగారు. "ఏం, ఇవాళ అందుకోలేదే?"

"మీ పచ్చ దీపం ఇంకా మిణుకుతోందమ్మా."

సుమనమాత పొట్ట పట్టుకుని నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పిల్లలూ నవ్వారు. నవ్వు తగ్గాక మాత చెప్పాల్సింది నింపాదిగా చెప్పి ముగించి, ఒక్క క్షణం కళ్ళు మూసి తెరిచారు.

"ఆరింది. ఇక నువ్వు కానీ."