గున్నమ్మ అరచేతులు

చీమ నడుం ఇంకా సన్నబడని రోజుల్లో ఒక ఊరుంది. ఆ ఊళ్లో గున్నమ్మ ఉంది. ఇళ్లకు మట్టినేల అలకడం ఆమె పని. ఆ నేలను దిమ్మిసతో కొట్టి గట్టిపరచడం ఆమె బావ దాలినాయుడి పని. అమ్మవారి గుడి నేల కొట్టే హక్కు కూడా అతనిదే, తాతల నాటిది. అందుకే అతని మీసం ఎప్పుడూ పైకే చూసేది.

కొత్త నేల మీద ఏది పెడితే ఎంత దిగుతుందో గున్నమ్మ ముందే చెప్పేది. బొటనవేలితో నేల ఒకసారి నొక్కేది, అంతే.

ఒకనాడు వడ్ల బస్తా తెచ్చారు. "మూరెడు దిగుతుంది" అన్నాడు దాలినాయుడు. "పరుచుకుని కూర్చుంటుంది బావా, గోరంతే" అంది గున్నమ్మ. గోరంతే దిగింది. దాలినాయుడి కడుపులోని కుంపటిలో ఒక బొగ్గు పడింది.

మంచం తెచ్చారు. "ఒట్టి మంచం, ఏం దిగుతుంది?" అన్నాడు. "మనిషెక్కితే నాలుగు కోళ్లే మోయాలి కదా, వేలి కణుపంత" అంది. మనిషెక్కాడు, కణుపంతే దిగింది. ఇంకో బొగ్గు.

పిట్టంత ముసలమ్మ కర్ర ఊతగా వచ్చింది. "ఈవిడా? గోరంతైనా దిగదు" అన్నాడు. "ఆవిడ దిగదు. ఆవిడ ఆనుకున్న కర్ర వేలంత దిగుతుంది" అంది. వేలంతే దిగింది. ముసలమ్మ కూడా నవ్వింది. ఇక బొగ్గులు పట్టే చోటే లేదు.

అంతలో అమ్మవారి గుడి నేల చెడింది. "ఈసారి గున్నమ్మ ఎవరిని రమ్మంటే వాళ్లే దిమ్మిస పట్టాలి" అన్నారు పెద్దలు. గున్నమ్మ గుళ్లో కొత్త మట్టి అలికి వెళ్లింది. దాలినాయుడికి అన్నం సయించలేదు. 'గున్నమ్మ నేల కింద ఏదో మంత్రం పాతింది, అందుకే చెప్పినంతే దిగుతోంది, తవ్వి తీస్తాను' అనుకున్నాడు. ఊరంతా అన్నాలకు కూర్చున్న వేళ గుళ్లోకి దూరాడు. జాడ పడకూడదని మునివేళ్ల మీద నడిచాడు. ఎంత తవ్వినా వానపాము తప్ప ఏమీ దొరకలేదు!

ఊరివాళ్లు అన్నాలు తిని వచ్చి చూస్తే అలికిన నేలంతా గుంటలు. "మేకే!" అన్నారొకరు. "పందికొక్కు!" అన్నారింకొకరు.

గున్నమ్మ వరుసగా ఉన్న చిన్న గుంటల్లో ఒకదానిలో వేలు పెట్టింది. "మనిషే. పాదమంతా ఆనిస్తే గోరంతే దిగేది. తేలికగా నడుస్తున్నాననుకుని ఒళ్లంతా పది వేళ్ల మీద మోపాడు. కణుపంత దిగాడు."

"ఏటి, ఎవడే వాడు?" అన్నారు పెద్దలు.

దాలినాయుడి వేళ్ల సందుల్లో ఎర్రమట్టి. గున్నమ్మ చూసింది. దాలినాయుడు ఆమె చూడటం చూశాడు. మీసం కిందికి వాలింది.

"ఎవరైతే ఏటి?" అంది గున్నమ్మ. "గుంటలు పూడ్చాలి. బావా, నీ దిమ్మిస ఏదీ?"

కుంపటి ఆరిందంటారా? ఎక్కడా, పొగ వస్తూనే ఉండేది! కానీ గున్నమ్మ పోయిన నాడు అందరికంటే గట్టిగా ఏడ్చింది అతనే. ఇంటికెళ్లి తన మంచం కోళ్ల కింద నాలుగు పెంకుముక్కలు పెట్టాడు. "ఇవి గున్నమ్మ అరచేతులు, కోళ్లను దిగనివ్వవు" అన్నాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో కొత్తింట్లో మంచం వేసేముందు గున్నమ్మ అరచేతులు నాలుగు పరుస్తారు. పక్కింటి వైభోగం చూసి ఓర్వలేనివాడితో మాత్రం ఇలా అంటారు: "మునివేళ్ల మీద నడవకురా, లోతుగా దిగుతావు!"