ఎర్రెమ్మ తెచ్చిన గొంగళి

ఒకానొక రాజ్యంలో మాయజ్వరం పాకింది. రైతులు మంచాన పడి సేద్యం ఆగిపోయింది. రాజుగారు దయతలచి, జ్వరం తగిలిన ప్రతి రైతు ఇంటికీ ఖజానా నుంచి సాయం ఇమ్మన్నారు. పంచాల్సిన అధికారి గజపతయ్య మాత్రం కందిమల్ల ఊరివాళ్లను ఉత్త చేతులతో పంపేశాడు.

"మీ ఊళ్లో జ్వరమెక్కడిది? అంతా సోమరితనం. రుజువు తెండి, ఇస్తాను" అన్నాడు.

వచ్చి పోయిన జ్వరానికి రుజువేముంటుంది? ఆ ఊరి రైతు భార్య ఎర్రెమ్మకు అదే దిగులు. తొలకరి పడింది, ఇప్పుడు విత్తనాలు కొనకపోతే ఈ ఏడు పొలం బీడే. మర్నాడు ఆమె గొంగళి ఒకటి చంకన పెట్టుకుని, ఊరివాళ్లతో గజపతయ్య కచేరీకి వెళ్లింది.

"రుజువు తెచ్చాను దొరా. మా ఆయన జ్వరంలో కప్పుకున్న గొంగళి" అంటూ అతని ఒళ్లో పెట్టబోయింది.

గజపతయ్య గద్దె దిగి గోడదాకా వెనక్కి నడిచాడు. "దూరం, దూరం. అంటుకుంటుంది."

"ఏమిటి దొరా అంటుకునేది? సోమరితనమేగా. ఒక్కసారి కప్పుకోండి, మేం మారుమాట్లాడకుండా పోతాం."

జనం ముసిముసిగా నవ్వారు. గజపతయ్య గొంగళి మీంచి చూపు తిప్పకుండానే ఖజానా తాళం తీయించాడు.

తిరుగుదారిలో పక్కింటి కోటయ్య ఎడంగా నడుస్తూ, "వదినా, ఆ పాడు గొంగళి ఏట్లో పారెయ్యరాదూ?" అన్నాడు.

"మీ అన్న కప్పుకున్నది ఎప్పుడో తగలబెట్టాం మరిదీ. ఇది పొద్దున గొల్లవాళ్లను అడిగి తెచ్చిన కొత్తది. ఏట్లో పారేస్తే వాళ్లకేం చెప్పను?"