నిర్మాల్య వాక్యము

తన వాక్కును తానే దొంగిలించుట సాధ్యమా? ఈ సంశయము నేటిది కాదు.

పూర్వము శోణవతీ తీరమున, ధర్మనిరతుడైన ధాన్యకేతు మహారాజు, అనావృష్టిచే కృశించిన ప్రజలను చూచి వగచి, గాదెలలో మిగిలిన విత్తనములు ఒక్కమారు చల్లుటకే చాలునని యెరిగి, వానరాకను నిర్ణయింపుడని మునులను ప్రార్థించి మరల సత్రయాగము జరిపించెను. ఆ సభకు ఒక నియమము కలదు. తాను కన్నది తనదిగా చెప్పవలెను. పరులు కన్నదైనచో చివర "అని ఫలానావారు చెప్పిరి" అని చేర్చవలెను. మూడు దర్శనములు కలిసినచో అది సిద్ధాంతము.

తూనీగలు నేలబారుగ ఎగిరిన పదునైదు దినములలోనే వాన కురియునని తపోధనుడైన దీర్ఘతంతు మహర్షి పలికి కూర్చుండెను. అంతలో పర్ణాదముని లేచి ఆ మాటనే తనదిగా వల్లించెను. మహర్షి ఉలికిపడి, "ఓయీ! అది నా వాక్యము. దాని చివరి 'అని' ఏమైనది? తూనీగ తోకవలె తుంచితివా?" అనెను.

పర్ణాదుడు తల గోకికొనుచు, "మహానుభావా, వల్లించి వల్లించి నాదే యనిపించినది" అనగా సభ ఘొల్లున నవ్వి, ఆతని దర్శనమును త్రోసివేసెను.

అప్పుడు హోమాగ్నినుండి వీణాపాణియైన వాగ్దేవి ప్రత్యక్షమై, మహర్షిని చూచి, "వత్సా, పోయిన సత్రమున నీవు చెప్పినదియు, నేడు మాటలు మార్చి చెప్పినదియు ఒక్క దర్శనమే కదా?" అని యడిగెను.

"అవును తల్లీ. నా తోటపూవును నేనే రెండుమార్లు తెచ్చితిని. తప్పేమి?"

"తోట నీదే. కాని ఒకసారి నా పాదములపై పడినది నిర్మాల్యము. దానినే కడిగి తెచ్చి క్రొత్తపూవంటివి. రాజు ఎన్ని లెక్కించెనో అడుగుము."

రాజు చేతులు జోడించి, "పోయిన సత్రపుది, నేటిది, పర్ణాదునిది, మూడు, తల్లీ. తూనీగలు నేడు నేలబారుగనే ఎగురుచున్నవి గనుక, మూడవది వినబడగనే, సభ దానిని త్రోసివేయకమునుపే, విత్తనపు బండ్లను పొలములకు కదలుమంటిని" అనెను.

మహర్షి చప్పున లేచెను. తాను చూచినదో, ఒక్క వేసవిలో ఒక్క సాయంకాలము.

"అమ్మా, ఆ వాక్యమును తుడిచివేయుము."

"విన్న చెవులను తుడువగలనా? ఉండనిమ్ము. దానిపై 'ఉపసంహరించితిని' అని నీ నోటనే చేర్చుము. అట్లు చేర్చినవాని తక్కిన వాక్కు చెడకుండుగాక! ఇదే నా వరము. ఇకమీద ఈ సభ పూర్వోక్తమును పూర్వోక్తమనియే వినుగాక!"

దీర్ఘతంతువు మరి తడయక, "రాజా, దర్శనములు మూడు కావు, ఒక్కటే. నేటి నా వాక్యమును ఉపసంహరించితిని" అని సభాముఖమున పలికి, కమండలమును అక్కడనే విడిచి, పరుగున పోయి, ముందుబండి ఎద్దుల పగ్గములు పట్టి కోటవైపు మళ్ళించెను.